టెస్టర్ వెలగలేదు

మా చెల్లెలు ఇంటికి రావడానికి వీల్లేదని మా అపార్టుమెంటువాళ్ళు అందరూ కలిసి నిర్ణయించే సమయానికి, అది ఆసుపత్రిలో సీసపు తలుపు ఉన్న గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని, పులుపు బిళ్ళ చప్పరిస్తూ నాతో ఫోనులో మాట్లాడుతోంది.

"ఏమిటక్కా ఆ గోల? ఎవరైనా పోయారా?" అంది.

"ఎవరూ పోలేదు. మీటింగు."

"దేని గురించి?"

"నీళ్ళ పంపు గురించి," అని చెప్పి ఫోను పెట్టేశాను.

కింద కార్లు పెట్టుకునే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాకూ ఒక కుర్చీ వేశారు గానీ అది మిగతా కుర్చీలకు కాస్త దూరంగా ఉంది. ఆసుపత్రికి రోజూ వెళ్ళి వస్తున్నదాన్ని కదా, నా చీరకు ఏమంటుకుందోనని వాళ్ళ భయం. నేను కుర్చీని దగ్గరికి లాక్కున్నాను. పక్కావిడ తన కుర్చీని అంతే దూరం అవతలికి జరుపుకుంది.

సెక్రటరీకి పరుపుల షాపు ఉంది. చెడ్డవాడు కాడు. మెట్ల మీద నా కాలు బెణికినప్పుడు నన్ను ఎత్తుకున్నంత పని చేసి ఇంటి దాకా చేర్చాడు. ఆ రోజు మాత్రం నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"అక్కగారూ, మీ మీద మాకేం కోపం లేదు. కానీ ఇన్ని కుటుంబాలు ఉన్నాయి. అణుబాంబులో ఉండేదేదో ఆవిడతో మింగించారంట కదా."

"అణుబాంబు మింగి పులుపు బిళ్ళ చప్పరించే మనిషిని ఎక్కడైనా చూశావా తమ్ముడూ?" అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. నవ్వనిది మా ఎదురింటావిడ. నేను ఆవిడను వదినా అంటాను, ఆవిడ నన్ను వదినా అంటుంది. ఆవిడ కోడలు కడుపుతో ఉంది. ఇంతకు ముందు ఒకటి నిలవలేదు.

"నీ చెల్లెలు నాకూ చెల్లెలే వదినా. జబ్బు నయమవ్వాలని నేనూ దండం పెట్టుకుంటూనే ఉన్నా. కానీ నా కోడలు పడుకునే గోడకి అవతలే కదా నీ చెల్లెలి మంచం? మొన్న దగ్గుతుంటే కూడా వినబడింది. దగ్గు వచ్చిన గోడలోంచి అది రాదా?"

అది నిజమే. వస్తుంది. తగ్గి వస్తుంది, కానీ వస్తుంది.

"అంతా పోయిందని డాక్టరు రాసిచ్చేదాకా ఇంకెక్కడైనా ఉంచండి," అని సెక్రటరీ తేల్చేశాడు. అందరూ తలలూపారు.

వాళ్ళు ఏమడిగారో వాళ్ళకు తెలియదు. అంతా పోయిందని ఏ డాక్టరూ రాయడు. ఎందుకు రాయడో నాకు ఆసుపత్రిలో మీటరమ్మాయి చెప్పింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా పని గురించి చెప్పాలి.

మాది మోటార్ల వైండింగ్ షాపు. మా నాన్న పెట్టినది. ఫ్యాన్లు, పంపులు, గ్రైండర్లు, ఏది కాలిపోయినా మా దగ్గరికే తెస్తారు. కాలిన తీగ కోసి పీకేది నేను, కొత్త తీగ చుట్టేది చెల్లెలు. రాగి తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంతం పుడుతుంది, ఆ అయస్కాంతం ఇనుప ఇరుసును తిప్పుతుంది, కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కి పైపూత మాడి మాకు పని దొరుకుతుంది. ఈ మూడే మా జీవితం. మాడిన తీగ వాసన చూసి ఓల్టేజీ పెరిగి కాలిందా, ఇరుసు బిగుసుకుని కాలిందా అని చెల్లెలు పందెం కట్టేది. నాకు చదువు లేదు గానీ చదివే అలవాటు ఉంది. తీగ చుట్టలు పొట్లం కట్టడానికి తెచ్చుకునే పాత సైన్సు పుస్తకాలను పొట్లం కట్టకుండా చదువుతూ కూర్చుంటానని అది నన్ను తిట్టేది.

ఆ చెల్లెలికే గొంతులో గడ్డ వచ్చింది. థైరాయిడ్ గ్రంథిలో కాన్సరన్నారు. గ్రంథి తీసేశారు. మిగిలిపోయిన కణాలేమైనా ఉంటే చంపడానికి రేడియేషన్ ఉన్న అయోడిన్ ఇస్తామన్నారు. థైరాయిడ్ కణాలకు అయోడిన్ అంటే అంత ఆశ. ఒంట్లో ఏ మూల నక్కినా సరే, దాన్ని లాక్కుని మింగేస్తాయి. మింగినది లోపల కూర్చుని వాటినే కాలుస్తుంది. అయితే మందు తీసుకున్న మనిషి ఒంట్లోంచి కొన్నాళ్ళపాటు కిరణాలు బయటికి వస్తుంటాయి. అందుకే వాటిని ఆపే సీసపు గది.

మందు ఇచ్చిన రోజున బరువైన సీసపు డబ్బాను బండి మీద తోసుకుంటూ తెచ్చారు. మూత తీస్తే లోపల గోరంత గొట్టం మాత్ర. "బంగారం కొన్నప్పుడు కూడా నాకెవరూ ఇంత పెట్టె ఇవ్వలేదమ్మా," అని చెల్లెలు దాన్ని తెచ్చిన పిల్లతో అంది. ఆ పిల్లే మీటరమ్మాయి. డాక్టరు కాదు, భౌతికశాస్త్రం చదివి ఆసుపత్రిలో పనిచేస్తుంది. చేతిలో ఎప్పుడూ కిరణాలు కొలిచే, టిక్కుటిక్కుమనే చిన్న మీటరు ఉంటుంది. గది గుమ్మం దగ్గర నిలబడి చెల్లెల్ని కొలిచి, ఆ అంకె బోర్డు మీద వేసి వెళ్ళేది.

వరండాలో ఆ పిల్లను పట్టుకున్నాను.

"అమ్మా, దాని దుప్పటి మరగబెడితే ఇది పోతుందా?"

"పోదమ్మా."

"ఎండలో వేస్తే?"

"పోదు."

"మా షాపులో వార్నిష్ ఆరబెట్టే ఓవెన్ ఉంది. ఇనుమును కూడా చెయ్యి పెట్టనివ్వనంత వేడి చేస్తుంది."

"వేడి దుప్పటి వస్తుంది, అంతే."

"పెద్ద అయస్కాంతం పెట్టి లాగితే?"

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "మీరు వదిలేలా లేరు! చూడండమ్మా. మంటా కరెంటూ అయస్కాంతమూ అన్నీ పరమాణువు అరుగు మీదే తిరుగుతాయి. అక్కడ ఎలక్ట్రాన్లు ఉంటాయి, వాటిని కదుపుతాయి, ఊపుతాయి. కేంద్రకం ఎక్కడో లోపలి గదిలో ఉంటుంది. బయట ఎండకాస్తుందో వానపడుతుందో దానికి తెలియదు. మీరు ఎంత మరగబెట్టినా దానికి వినబడదు."

"మరెలా పోతుంది?"

"దానంతట అదే. ఒక్కో కేంద్రకం ఒక్కోసారి పేలి, కిరణం విడిచిపెట్టి ఊరుకుంటుంది. ఏది ఎప్పుడు అని ఎవరూ చెప్పలేరు. కానీ ఎనిమిది రోజులు గడిస్తే సగం పోతాయి. మరో ఎనిమిదికి మిగిలిన దాంట్లో సగం. ఆ తర్వాత అందులో సగం. ఇదిగాక నీళ్ళు తాగితే చాలా భాగం ఒంట్లోంచి కడుక్కుపోతుంది, అందుకే మీ చెల్లెల్ని తాగమని సతాయిస్తున్నా."

"ఎప్పటికి మొత్తం పోతుంది?"

"సగంలో సగం తీసుకుంటూ వెళ్తే మొత్తం ఎప్పుడు అయిపోతుందో చెప్పడానికి ఏ లెక్కా లేదమ్మా. ఎవరికీ హాని లేనంతగా తగ్గడానికి మాత్రం లెక్క ఉంది. అంత వరకూ దూరం పాటించాలి. దూరం రెండింతలు చేస్తే మీకు తగిలేది నాలుగో వంతు అవుతుంది. మూడింతలు చేస్తే తొమ్మిదో వంతు. దీపం దగ్గర్నుంచి లేచి వెళ్తే వెలుతురు తగ్గదూ, అలాగే. పిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ మరీ దూరం. మిగతావాళ్ళు మామూలుగా పక్క గదిలో ఉండొచ్చు."

"ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

"తీసుకెళ్ళకూడని మనిషిని మేం పంపమమ్మా. మీటరు చూసే పంపుతాం."

దూరం మంచిదని నాతో చెప్పిన మొదటి మనిషి ఆ పిల్లే. మా అమ్మను జ్వరాల ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు అద్దం వెనక నుంచి చెయ్యి ఊపింది. మళ్ళీ నేను అమ్మను చూడలేదు. పని దొరగ్గానే కబురు చేస్తానని మా ఆయన రైలెక్కారు. కబురు రాలేదు. పెళ్ళికి వెళ్ళి వస్తానన్న స్నేహితురాలు, కొన్నాళ్ళు మా అత్త దగ్గరుంటానన్న తమ్ముడు... మా ఇంట్లోంచి "కొన్నాళ్ళే" అని వెళ్ళినవాళ్ళెవరూ గుమ్మం తొక్కలేదు. మిగిలింది ఇదొక్కతే. అందుకే మీటింగులో "ఇంకెక్కడైనా" అనే మాట విన్నప్పుడు నాకు అద్దం వెనక అమ్మ చెయ్యే కనబడింది. మొత్తం పోయేదాకా అంటే, లెక్క లేని దానికి గడువు పెట్టినట్టే.

సాయంత్రం చెల్లెలే ఫోను చేసింది. దాని గొంతు మారిపోయి ఉంది.

"పంపు మీటింగు కాదంట కదా. మన అపార్టుమెంటు ఎలక్ట్రీషియన్ ఫోను చేసి చెప్పేశాడు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"షాపులో పడుకుంటాలే అక్కా. ఆ పిల్ల కడుపుతో ఉంది, ఎందుకు వాళ్ళని భయపెట్టడం? కొన్నాళ్ళే కదా."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"ఆ మాటే. గొంతు కుట్లు ఇంకా లాగుతున్నాయి, వార్నిష్ వాసనలో పడుకుంటావా? నీళ్ళు ఎవరిస్తారు? లేచి పడితే ఎవరు లేపుతారు?"

"దగ్గరికి రాకూడనిదానివి, ఇంట్లో మాత్రం నువ్వెలా లేపుతావు?"

"అరుస్తా. నా అరుపుకి నువ్వే లేస్తావు."

అది నవ్వలేదు. పోట్లాటకు వచ్చిన కస్టమర్‌ను చేతిలోని సుత్తి కింద పెట్టకుండానే తరిమేసే మనిషి, "సరేలే, నీ ఇష్టం" అని ఫోను పెట్టేసింది. దాని నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. నాకు మీటింగు కంటే అదే ఎక్కువ భయం వేసింది.

నేను చెల్లెలి గదిలోకి వెళ్ళాను. మంచం నిజంగానే ఎదురింటివాళ్ళ గోడకు ఆనుకుని ఉంది. పరుపు తీసి పక్కన నిలబెట్టి, మంచం కోళ్ళ కింద పాత గుడ్డలు పెట్టి, ఒక కొస లాగి, మళ్ళీ రెండో కొస లాగి, హాలు దాటించి వంటింటి పక్క గదిలోకి చేర్చాను. నా మంచం హాల్లో వేసుకున్నాను. ఇప్పుడు దానికీ ఎదురింటి గోడకీ మధ్య ఇల్లు మొత్తం ఉంది. చెమటలు పట్టి నేలమీదే కూర్చుండిపోయాను. గ్యాసు కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూశాను.

చెల్లెల్ని ఇంటికి పంపే రోజు ఉదయం నేను బయల్దేరుతుంటే గేటు దగ్గర సెక్రటరీ, వదిన, ఇంకా కొంతమంది నిలబడి ఉన్నారు. మధ్యలో ఎలక్ట్రీషియన్. మా అపార్టుమెంటులో కరెంటు పని అంతా వాడిదే. అంతకు ముందు వానల్లో మెట్ల రెయిలింగు పట్టుకుంటే షాకు కొడుతుంటే, జేబులోంచి టెస్టర్ తీసి ఒక్కొక్క కమ్మీకి తగిలించుకుంటూ వెళ్ళి లీకేజీ ఎక్కడుందో పట్టేశాడు. అప్పటినుంచి వాడి టెస్టర్ మాటకు తిరుగు లేదు.

"పెద్దమ్మా, గొడవ అక్కర్లేదు, నేను తేలుస్తా," అన్నాడు వాడు, స్క్రూడ్రైవర్‌లాంటి టెస్టర్ చూపించి. "ఏ పవరైనా సరే, ఉందంటే దీంట్లో దీపం వెలిగి తీరుతుంది. చిన్నమ్మ దిగగానే చేతికి తగిలిస్తా. వెలిగితే షాపుకి, వెలగకపోతే ఇంటికి. అందరూ ఒప్పుకున్నారు."

"ముందు ఆవిడకే పెట్టి చూడరా," అంది వదిన. "ఆసుపత్రి నుంచి తెచ్చుకుందేమో చూద్దాం."

వాడు నా మణికట్టుకు తగిలించాడు. అందరూ మెడలు సాచి చూశారు. వెలగలేదు.

"పెద్దమ్మ పాస్!" అని వాడు అరిచాడు. చప్పట్లు కొట్టారు. వదిన నా దగ్గరికి వచ్చి, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ టెస్టర్ కరెంటును తప్ప దేన్నీ చూడలేదని నాకు తెలుసు. మా షాపులో అలాంటివి డబ్బా నిండా ఉన్నాయి. దాన్ని చెల్లెలి చేతికి తగిలిస్తే వెలగదు. ఆ సీసపు డబ్బాలో మాత్రకు తగిలించినా వెలగదు. నేను నోరు మూసుకుని ట్యాక్సీ ఎక్కాను. అడగకుండా దొరికిన తాళంచెవిని ఎవరు పారేస్తారు?

ఆసుపత్రి నుంచి రెండు ట్యాక్సీలు మాట్లాడాం. ముందు దానిలో చెల్లెలు, వెనక సీటు మూలన. వెనక వచ్చే దానిలో నేను. ఇద్దరం ఫోనులో.

"టెస్టర్ పెడతాడా నాకు?" అని చెల్లెలు చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే కుట్లు నొప్పెట్టి "అబ్బా" అంది. "ఆ టెస్టర్‌లో నియాన్ బల్బు వాడికి మార్చి ఇచ్చింది నేనే కదే."

"నవ్వకు. చెప్పేస్తే రానివ్వరు."

"ఎవరు చెప్తారు? నాకు నిలబడే ఓపిక లేదు. వాడు పెడతాడు, వెలగదు, మనం పైకి పోదాం. నువ్వు మాత్రం పెద్ద సైంటిస్టులా నోరు తెరవకు."

"తెరవను," అన్నాను. నిజంగానే తెరవకూడదనుకున్నాను.

గేటు దగ్గర ట్యాక్సీ దిగి అది గోడకు ఆనుకుని నిలబడింది. ఎలా చిక్కిపోయిందో అందరికీ అప్పుడు కనబడింది. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ, చేతిలో చిన్న సంచి. ఎలక్ట్రీషియన్ చెయ్యి బారుగా చాపి, మొహం పక్కకు తిప్పుకుని, టెస్టర్ కొసను దాని చేతికి తాకించాడు.

"గోడలోంచి కరెంటు పోతుందేమో, సరిగ్గా చూడు," అంది చెల్లెలు.

వాడు చూశాడు. పైకెత్తి అందరికీ చూపించాడు. వెలగలేదు.

"అమ్మయ్య!" అని ఎవరో అన్నారు. సెక్రటరీ గేటు తలుపు బార్లా తీశాడు. చెల్లెలు నా వైపు చూసి ఒక కన్ను గీటింది.

అప్పుడు ఎదురింటి కోడలు వచ్చింది. ఇంతసేపూ అత్తగారు ఆ పిల్లను లోపలి నుంచి కదలనివ్వలేదు. టెస్టర్ వెలగలేదని వినగానే మెట్లు దిగి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, గబగబా నడుచుకుంటూ వస్తోంది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ పిల్లకు ఈ అపార్టుమెంటులో మాట్లాడే దిక్కు మా చెల్లెలే. మొహమంతా నవ్వు.

"పిన్నీ! ఆ సంచి ఇటివ్వండి. ఎంత చిక్కిపోయారో! రండి, నా చెయ్యి పట్టుకోండి. లిఫ్టులో నేను తీసుకెళ్తా."

చెల్లెలు వెనక్కి జరగాలనుకుంది. వెనక గోడ ఉంది. సంచిని అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి చాపింది.

"ఆగు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గేటు మీది కాకులు లేచిపోయాయి. "అక్కడే ఆగు తల్లీ! దగ్గరికి రాకు!"

ఆ పిల్ల నిలబడిపోయింది.

"ఏమైంది వదినా?" అంది వదిన. "వెలగలేదుగా?"

"వెలగదు. అది కరెంటు చూసే టెస్టర్. దానికి ఇది కనబడదు. చూసే యంత్రం వేరే ఉంటుంది, ఆసుపత్రిలో ఉంది."

"అయితే... ఉందా?"

"ఉంది."

చెల్లెలు కళ్ళు మూసుకుంది.

ఇక చూడాలి. వదిన కోడలి జబ్బ పట్టుకుని వెనక్కి లాగిన తీరుకి ఆ పిల్ల తూలింది. ఎలక్ట్రీషియన్ టెస్టర్‌ను నేలకేసి కొట్టి, చేతిని చొక్కాకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. "తెలిసి కూడా పొద్దున్న నోరెత్తలేదే!" "మోసం కాదూ ఇది!" "పాపం ముసలావిడ అనుకుంటే!" సెక్రటరీ గేటు తలుపు సగం మూసి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

నేను కొంగు నడుముకు బిగించాను.

"పొద్దున్న చెప్పనిది ఇప్పుడు చెప్తున్నా, వినండి," అన్నాను. "దీని ఒంట్లో మందు ఉంది. కొంచెం కొంచెంగా పోతోంది. రోజూ తగ్గుతుంది, ఏ రోజూ పెరగదు. ఇది మనిషి నుంచి మనిషికి పాకే జబ్బు కాదు. దూరంగా ఉంటే చాలు. మీలో ఎవరికి భయం ఉన్నా నాకు చెప్పండి, ఎంత దూరం కావాలంటే అంత దూరం ఇస్తా. లిఫ్టు ఎక్కం. మెట్ల మీద వెళ్తాం. మా తలుపు మూసే ఉంటుంది. ఆ అమ్మాయి బయటికొచ్చే వేళకి ఇది గదిలోంచి కూడా రాదు. కానీ వెళ్ళేది మాత్రం ఇంటికే."

"అసోసియేషన్ ఒప్పుకోలేదు అక్కగారూ."

"నేను అడగట్లేదు తమ్ముడూ. చెప్తున్నా."

"అందరి మాటా కాదంటారా?"

"కాదంటాను. ఇన్నేళ్ళూ మీలో ఎవరి మాటకీ ఎదురు చెప్పలేదు. నీళ్ళు రాకపోతే ఊరుకున్నా. వీధిలో మా షాపుకి అడ్డంగా బళ్ళు పెడితే ఊరుకున్నా. ఇది నా చెల్లెలు. నువ్వు అంతా పోయిందని కాగితం తెమ్మంటావు. అలాంటి కాగితం ప్రపంచంలో లేదు. లేనిది తెచ్చేదాకా బయట ఉంచమంటే ఎప్పటికీ ఉంచమనే అర్థం. ఉంచను."

"కరెంటు తీయించేస్తా అప్పుడు!"

చెల్లెలు కళ్ళు తెరిచింది. "తీయించు," అంది నీరసంగా. "వైండింగ్ షాపువాళ్ళకి కరెంటు తీసి బెదిరిస్తావా? ఫ్యూజు ఎక్కడుందో నీకంటే నాకే బాగా తెలుసు."

ఎవరో ఫక్కుమన్నారు. సెక్రటరీ మొహం ఎర్రబడింది. "మీరు ఎలా వెళ్తారో చూస్తా," అని గేటు వదిలేసి సరాసరి మా చెల్లెలి ఎదుటికి వచ్చి, చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

"తమ్ముడూ," అన్నాను. "దాన్ని ఆపాలంటే కాస్త దూరంగా నిలబడి ఆపు. నువ్విప్పుడు బారెడు దూరంలో ఉన్నావు. రెండు బారల దూరంలో నిలబడితే నీకు తగిలేది నాలుగో వంతే."

అతను నన్ను చూశాడు. చెల్లెల్ని చూశాడు. చేతులు అలాగే చాపి ఉంచి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకొంచెం," అంది చెల్లెలు.

ఇంకొంచెం వేశాడు. అలా వెనక్కి వేసుకుంటూ వేసుకుంటూ గేటు దాటి, ప్లాస్టిక్ కుర్చీ తగిలి అందులో కూలబడ్డాడు. నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. నేను నవ్వలేదు. నేను వదిననే చూస్తున్నాను. ఈ గుంపులో నిజంగా పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నది ఆవిడకే.

"వదినా," అన్నాను. "దాని మంచం నీ గోడ పక్కన లేదు. తీసేశాను. వంటింటి అవతల గదిలోకి లాగాను. నీ కోడలికీ దానికీ మధ్య మా ఇల్లంతా ఉంది, నా మంచంతో సహా. ఏదైనా వస్తే నన్ను దాటుకుని రావాలి."

"ఎప్పుడు లాగావు?"

"మీటింగు రోజు సాయంత్రం."

"ఆ చప్పుడు నీదా! ఎలుకలు పడ్డాయని మందు కూడా పెట్టాను కదే." ఆవిడ కోడలి వైపు చూసింది, కోడలు ఆవిడ వైపు చూసింది. "ఒక్కదానివే లాగావా? ఈ వయసులో?"

"ఇంకెవరు లాగుతారు?"

వదిన కోడలి జబ్బ వదల్లేదు. నన్ను క్షమించినట్టు కూడా లేదు. "పొద్దున్నే చెప్పి ఉండాల్సింది," అంది. "నా కోడలు దాన్ని ముట్టుకునేది."

"అందుకే ఇప్పుడు చెప్పాను."

"ముందు మేం పైకి వెళ్ళి తలుపేసుకుంటాం. పైనుంచి కేకేస్తా. అప్పుడు రండి." తర్వాత గుంపు వైపు తిరిగి, "ఏం చూస్తున్నారు? మెట్లు ఖాళీ చెయ్యండి. మనిషి నిలబడలేకపోతోంది," అంది.

సెక్రటరీ కుర్చీలోంచి, "మీరు కూడానా వదినగారూ!" అన్నాడు.

"నేను ఒప్పుకోలేదు. దూరం ఉంటానంది కాబట్టి దూరం పాటిస్తున్నా," అని ఆవిడ కోడల్ని నడిపించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కోడలు మాత్రం మెట్ల మొదట్లో వెనక్కి తిరిగి, "పిన్నీ, నేను గట్టిగా మాట్లాడతా, వినబడుతుంది," అంది.

పైనుంచి కేక వినబడింది. నేను ముందు, చెల్లెలు వెనక. మా మధ్య ఎప్పుడూ ఒక మెట్ల వరుస. నేను ఒక మలుపు ఎక్కి ఆగేదాన్ని. అది కింద మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకునేది. ఎక్కేటప్పుడు దాని చెయ్యి పట్టుకోవాలని నా చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళేది. వెనక్కి తీసుకునేదాన్ని. కొన్ని తలుపులు మూసి ఉన్నాయి. కొన్ని ఓరగా తీసి ఉన్నాయి, సందులోంచి కళ్ళు.

"నోరు తెరవనన్నావు," అంది అది కింద నుంచి.

"అన్నాను."

"ఇంకొక్క నిమిషం ఆగితే లిఫ్టులో ఉండేవాళ్ళం."

"ఆ పిల్ల కూడా ఉండేది."

అది రెండు మెట్లు ఎక్కి, "నాకూ భయం వేసింది అక్కా. సంచి అడ్డం పెట్టా. గోడ వెనక్కి జరగలేదు," అంది.

"ఎక్కు. ఇంకొక మలుపే."

"నువ్వు ఆగు, వేగంగా ఎక్కేస్తున్నావు. పోతావేమో."

"నేనెక్కడికీ పోను."

మా అంతస్తులో ఎదురింటి తలుపు మూసి ఉంది. లోపలి నుంచి వదిన దగ్గు వినిపించింది. నేను మా తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, హాలు దాటి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చెల్లెలు గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు విప్పడానికి వంగలేక కాలితో కాలు రాసి విప్పింది. ఎప్పుడూ కుడి చెప్పు పైన ఎడమ చెప్పు పడేసి, నాతో తిట్లు తింటుంది. ఈసారి పక్కపక్కన పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

"గది ఎటు?" అంది.

"వంటింటి పక్కన. నీళ్ళ కూజా మంచం దగ్గరే పెట్టాను. తాగు. ఊరికే ఉండకు, తాగుతూనే ఉండు."

"సరే అమ్మా, సరే," అంటూ గోడలు పట్టుకుని నడిచి వెళ్ళింది. మంచం కిర్రుమంది. కాసేపటికి నీళ్ళు గ్లాసులోకి పోసుకున్న చప్పుడయింది.

అప్పుడు నేను వచ్చి ముందు తలుపు మూశాను. పై గడియ పెట్టాను, కింది గడియ పెట్టాను, గొలుసు తగిలించాను. వెళ్ళి గ్యాసు చూశాను. వచ్చి మళ్ళీ గొలుసు చూశాను.

మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు అవతల సెక్రటరీ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బెల్లు మోగింది.

"ఎవరక్కా?" అని లోపలి నుంచి చెల్లెలు అరిచింది.

"ఎవరో. నువ్వు నీళ్ళు తాగు," అన్నాను.

మళ్ళీ మోగింది. నేను హాల్లో నా మంచం మీద, తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. తియ్యలేదు.